అండాశయ క్యాన్సర్‌కి ‘కొత్త ఇమ్యూన్ టార్గెట్’ దొరికిందన్న వార్తని ఎలా చదవాలి

“రోగనిరోధక కణాల మీద కొత్త రిసెప్టర్ గుర్తింపు, అండాశయ క్యాన్సర్ మందుకు దారి” అని హెడ్‌లైన్ కనబడితే దాన్ని తెరిచేవాళ్లు ముఖ్యంగా రెండు రకాలు. బయోటెక్, ఫార్మసీ, మెడిసిన్ చదివేవాళ్లు ఒకరు. ఇంట్లో ఎవరికో ఆ జబ్బు ఉండి, నిద్రపట్టక ఫోన్లో వెతుక్కునేవాళ్లు ఇంకొకరు. ఇద్దరికీ పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్తాను. పేపర్ మొత్తం అర్థం కావాల్సిన పని లేదు, కొన్ని ప్రశ్నలు వరసగా వేసుకుంటూ పోతే ఆ వార్త ఎక్కడిదాకా నిలబడుతుందో మీకే తెలిసిపోతుంది. చాలా వార్తలు మొదటి ప్రశ్న దగ్గరే తడబడతాయి, అందుకే దాని మీద ఎక్కువసేపు ఉంటాను.

ముందు అడగాల్సింది: ఆ రిసెప్టర్ ఏ కణం మీద ఉంది?

రిసెప్టర్ అంటే కణం పొర మీద ఉండే ప్రోటీన్. దానికి సరిపోయే ఇంకో అణువు, అంటే లైగాండ్, వచ్చి అతుక్కుంటే కణం లోపలికి సిగ్నల్ వెళ్తుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. వార్తల్లో కలగాపులగం అయ్యేది ఆ ప్రోటీన్ ఎవరిది అన్న విషయం. ఉదాహరణకి మిర్వెటుక్సిమాబ్ సొరావ్‌టాన్సిన్ అనే మందుకి అమెరికా ఎఫ్‌డీఏ 2022 నవంబర్‌లో అండాశయ క్యాన్సర్‌కి అనుమతి ఇచ్చింది. దాని టార్గెట్ ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా. పేరులో రిసెప్టర్ ఉంది, మందు యాంటీబాడీయే (ఒక టార్గెట్‌ని పట్టుకునేలా తయారుచేసిన ప్రోటీన్), కానీ అది పట్టుకునేది క్యాన్సర్ కణాన్ని. యాంటీబాడీకి తగిలించిన విషాన్ని కణంలోకి చేర్చడం దాని పని. ఇమ్యూన్ కణాన్ని నిద్ర లేపే మందు కాదది. “ఇమ్యునోథెరపీలో ముందడుగు” అని దీన్ని రాసేవాళ్లు ఉన్నారు, అలాంటిది కనబడితే మిగతా వార్తని కూడా కాస్త అనుమానంగానే చదవండి.

నిజంగా ఇమ్యూన్ కణాల మీద ఉండేవాటిలో అందరికంటే పాపులర్ పీడీ-1. టీ కణం మీద, అంటే క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపగలిగే తెల్ల రక్తకణం మీద, ఉంటుంది. క్యాన్సర్ కణం గానీ, పక్కనున్న మాక్రోఫేజ్ (చెడ్డ కణాల్ని మింగే ఇమ్యూన్ కణం) గానీ పీడీ-ఎల్1 అనే లైగాండ్‌ని చూపిస్తే ఈ రిసెప్టర్ టీ కణానికి బ్రేక్ వేస్తుంది. పీడీ-1ని 1992లో తసుకు హోంజో ల్యాబ్ ప్రకటించింది, ఇలాంటిదే అయిన సీటీఎల్‌ఏ-4 మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌తో కలిపి ఆయనకి 2018లో నోబెల్ వచ్చింది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, డోస్టార్లిమాబ్ అనే మందులు పీడీ-1 రిసెప్టర్‌కే అతుక్కుంటాయి. అటెజోలిజుమాబ్, అవెలుమాబ్, డుర్వాలుమాబ్ మాత్రం అవతలి వైపున్న పీడీ-ఎల్1ని పట్టుకుంటాయి. రెండూ ఒకే పని కదా అనిపిస్తుంది గానీ పూర్తిగా ఒకటే కాదు, పీడీ-1కి పీడీ-ఎల్2 అనే ఇంకో లైగాండ్ కూడా ఉంది, రిసెప్టర్‌ని మూసేస్తే రెండు దారులూ మూసుకుంటాయి, పీడీ-ఎల్1ని మాత్రమే పట్టుకుంటే ఒక దారి తెరిచే ఉంటుంది.

టీ కణాలు కాకుండా మిగతావి కూడా ఉన్నాయి. మాక్రోఫేజ్ మీద సర్ప్-ఆల్ఫా ఉంటుంది, క్యాన్సర్ కణం సీడీ47 చూపించి ‘నన్ను తినకు’ అని దానికి చెప్పేస్తుంది. అదే మాక్రోఫేజ్ మీద సిగ్లెక్-10 కూడా ఉంటుంది, దాని జోడీ సీడీ24. ఈ జోడీ గురించి 2019లో నేచర్ పత్రికలో వచ్చిన పని అండాశయ క్యాన్సర్, ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్‌ల మీదే చేశారు. నేచురల్ కిల్లర్ కణాల (చెడ్డ కణాల్ని చంపే ఇంకో రకం ఇమ్యూన్ కణాలు) మీద ఎన్‌కేజీ2ఏ ఉంటుంది, అది ఎదుటి కణం మీది హెచ్‌ఎల్‌ఏ-ఈ అనే ప్రోటీన్‌ని చూస్తే వెనక్కి తగ్గుతుంది. టిజిట్, లాగ్-3, టిమ్-3 అనే మరికొన్ని బ్రేకులు టీ కణాల మీద కనిపిస్తాయి, వాటిలో కొన్ని కిల్లర్ కణాల మీద కూడా. ఈ జబ్బులో రక్తంలో చూసే సీఏ-125 పరీక్ష ఉంది కదా, ఆ సీఏ-125 నిజానికి ఎంయూసీ16 అనే పెద్ద ప్రోటీన్‌లో భాగం. ఆ ఎంయూసీ16 ఇమ్యూన్ కణాల మీదుండే సిగ్లెక్-9కి అతుక్కోగలదు. అంటే రిపోర్టులో అంకెగా చూసేది గడ్డ దగ్గర ఇమ్యూన్ కణాలతో మాట్లాడుతోందన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ రిసెప్టర్ ఉన్న కణం ఆ గడ్డలో ఉందా? ఇది చాలామంది అడగరు. టీ కణమే లోపల లేకపోతే టీ కణం మీది బ్రేక్ తీసి ప్రయోజనం ఏముంది? 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పేపర్ వచ్చింది. ముదిరిన దశలోని అండాశయ క్యాన్సర్ నమూనాలు 186 చూశారు. క్యాన్సర్ కణాల గుంపుల లోపలికి టీ కణాలు చొచ్చుకుపోయిన వాళ్లు సగం కంటే కొంచెం ఎక్కువ. వాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు 38 శాతం, టీ కణాలు లోపల లేనివాళ్లలో 4.5 శాతం. ఈ జబ్బుని ఇమ్యూన్ వ్యవస్థ గుర్తుపట్టగలదు అని నమ్మకం కలిగించింది ఈ అంకెలే, ఇన్నేళ్ల పరిశోధనకి ఊపు ఇచ్చింది కూడా ఇవే. కానీ అదే పేపర్ ఇంకో మాట కూడా చెప్తోంది, దాదాపు సగం మందిలో టీ కణాలు గుంపుల లోపల లేనే లేవు. కొందరిలో గడ్డ చుట్టూ ఉన్న పీచు కణజాలంలో ఆగిపోతాయి, కొందరిలో అసలు దగ్గరికే రావు.

అందుకని వార్తలో గానీ పేపర్లో గానీ ఆ రిసెప్టర్ ఎక్కడ కనిపించిందో వెతకండి. మొదట పుట్టిన గడ్డలోనా, పొట్టలో పాకిన ఒమెంటమ్ (పేగుల్ని కప్పే కొవ్వు పొర) గడ్డలోనా, పొట్టలో చేరిన నీటిలోనా? ఈ మూడూ ఒకటి కాదు. పొట్టలో చేరే నీరు, అసైటిస్ అంటారు, తీయడం తేలిక కాబట్టి పరిశోధకులకి కణాలు అక్కడి నుంచే సులువుగా దొరుకుతాయి. ఆ నీటిలో ఐఎల్-6, ఐఎల్-10, టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ లాంటి సిగ్నల్ ప్రోటీన్లు నిండి ఉంటాయి, అందులో ఈదే టీ కణం తీరు గట్టి గడ్డలో ఇరుక్కున్న టీ కణం తీరులా ఉండాలని లేదు.

గ్రాఫుల దగ్గర మోసపోకుండా ఉండాలంటే

ఇది ముఖ్యంగా చదువుకునేవాళ్లకి. ప్రాజెక్టు కోసం ఒక జీన్ తీసుకుని, టీసీజీఏ (వేల గడ్డల జీన్ సమాచారం ఉన్న డేటాబేస్) డేటాలో పేషెంట్లని ఆ జీన్ ఎక్కువ-తక్కువగా విడదీసి, సర్వైవల్ కర్వ్ (ఎవరు ఎంతకాలం బతికారో చూపే గ్రాఫ్) వేసి, “ఈ రిసెప్టర్ మంచి టార్గెట్” అని రాసేయడం ఫ్యాషన్ అయిపోయింది. ఆగండి. టీసీజీఏలో ఉన్నది గడ్డ మొత్తాన్ని నూరి కొలిచిన ఆర్‌ఎన్‌ఏ. టీ కణాలు ఎక్కువ ఉన్న గడ్డలో పీడీ-1 ఎక్కువ కనిపిస్తుంది, టిజిట్ ఎక్కువ కనిపిస్తుంది, లాగ్-3 ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అవన్నీ టీ కణాలతో పాటే వచ్చాయి. టీ కణాలు ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతారని పైనే చూశాం. కాబట్టి “బ్రేక్ ఎక్కువ ఉన్నవాళ్లే బాగున్నారు” అన్న వింత ఫలితం వస్తుంది, దాన్ని చూసి ఆ రిసెప్టర్ క్యాన్సర్‌తో పోరాడుతోందని రాసినవాళ్లూ ఉంటారు!

చేయాల్సిన పని చిన్నదే. మీ జీన్‌ని టీ కణాల గుర్తులైన సీడీ8ఏ, సీడీ3ఈ జీన్‌లతో పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ కలిసి పెరిగి కలిసి తగ్గుతుంటే మీరు కొలిచింది రిసెప్టర్‌ని కాదు, టీ కణాల సంఖ్యని. ఆ సంఖ్యని లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలితే అప్పుడు మాట్లాడదాం. సింగిల్ సెల్ డేటా (ఒక్కో కణాన్ని విడిగా కొలిచినది) దొరికితే ఇంకా మంచిది, ఏ కణం మీద ఉందో సూటిగా కనిపిస్తుంది. ఇంకోటి, ఎక్కువ-తక్కువ మధ్య గీత ఎక్కడ గీశారో కూడా చూడండి. మధ్యలో గీయకుండా “బెస్ట్ కటాఫ్” అని సాఫ్ట్‌వేర్‌ని ఎంచుకోమంటే, ఏ జీన్‌కైనా అందమైన గ్రాఫ్ వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది.

సీపీఎస్ (కంబైన్డ్ పాజిటివ్ స్కోర్) అనే అంకె కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ట్రయల్స్‌లో దీన్నిబట్టే మనుషుల్ని విడదీస్తారు. పాథాలజిస్ట్ పీడీ-ఎల్1 రంగు పట్టిన కణాల్ని లెక్కపెడతారు. క్యాన్సర్ కణాలు, లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు అన్నీ కలిపి. దాన్ని బతికున్న మొత్తం క్యాన్సర్ కణాలతో భాగించి 100తో గుణిస్తారు. స్లైడ్‌లో 200 క్యాన్సర్ కణాలు ఉన్నాయనుకోండి, వాటిలో 6కి రంగు పట్టింది, ఇంకా 14 ఇమ్యూన్ కణాలకి పట్టింది. మొత్తం 20, కాబట్టి సీపీఎస్ 10. క్యాన్సర్ కణాలు మాత్రమే లెక్కేస్తే అది 3 శాతమే! అంటే “పీడీ-ఎల్1 పాజిటివ్” అన్న రిపోర్టులో ఆ పాజిటివ్ చాలావరకు మాక్రోఫేజ్‌ల వల్ల వచ్చి ఉండొచ్చు. రిపోర్టు చేతిలో ఉంటే ఏ పద్ధతిలో లెక్కేశారో అందులోనే రాసి ఉంటుంది, చూడండి.

ఆపాలా, రెచ్చగొట్టాలా

రిసెప్టర్ బ్రేక్ వేసేదైతే మందు దాన్ని అడ్డుకోవాలి, ఉత్సాహపరిచేదైతే మందు దాన్ని నొక్కాలి. రెండోది చాలా ప్రమాదకరమైన దారి. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులైన వలంటీర్లకి ఎక్కించారు. అది టీ కణాల మీదుండే సీడీ28ని నేరుగా నొక్కేస్తుంది. కొన్ని గంటల్లోనే ఆరుగురికీ సైటోకైన్ తుఫాను (ఇమ్యూన్ సిగ్నల్స్ అదుపు తప్పి పొంగడం) వచ్చి అవయవాలు దెబ్బతిని ఐసీయూలో పడ్డారు, ప్రాణాలతో బయటపడ్డారు. కోతుల్లో అదే మందు ఏ ఇబ్బందీ చేయలేదు, ఎందుకంటే కోతుల్లో ఒక రకం మెమరీ టీ కణాల మీద సీడీ28 ఉండదు, మనుషుల్లో ఉంటుంది. కాబట్టి వార్తలో ‘అగోనిస్ట్’ (రిసెప్టర్‌ని నొక్కే మందు) అన్న మాట కనబడితే డోసు ఎంత, మనుషులకి ఇచ్చారా అన్నవి ముందు చూడండి, గడ్డ తగ్గిందా లేదా అన్నది తర్వాత.

ఇంకో మార్గం, రిసెప్టర్‌ని కొక్కెంలా వాడుకోవడం. టీ కణం మీది సీడీ3ని ఒక చేత్తో, క్యాన్సర్ కణం మీది ఎంయూసీ16ని ఇంకో చేత్తో పట్టుకుని రెంటినీ దగ్గరికి లాగే బైస్పెసిఫిక్ యాంటీబాడీలు అండాశయ క్యాన్సర్‌లో పరీక్షల్లో ఉన్నాయి. ఇక్కడ కూడా అదే షరతు, లాగడానికి టీ కణం దగ్గర్లో ఉండాలి కదా.

అదే రిసెప్టర్ ఒంట్లో ఇంకెక్కడ ఉందో కూడా చూసుకోవాలి. సీడీ47 ఎర్ర రక్తకణాల మీద కూడా ఉంటుంది, అందుకే దాన్ని పట్టుకునే మాగ్రోలిమాబ్‌తో రక్తహీనత మొదటి నుంచీ సమస్యే. ఆ మందు రక్త క్యాన్సర్ల పెద్ద ట్రయల్స్‌లో నిలబడలేక 2024లో ఆగిపోయింది. మాక్రోఫేజ్‌లని బతికించే సీఎస్‌ఎఫ్1ఆర్‌ని అడ్డుకుంటే లివర్ ఎంజైములు పెరుగుతాయి, అది ప్రతిసారీ లివర్ దెబ్బతిన్నట్టు కాదు, రక్తంలోంచి ఆ ఎంజైముల్ని తీసేసే లివర్ మాక్రోఫేజ్‌లు తగ్గిపోవడం వల్ల కూడా అలా జరుగుతుంది. రిపోర్టు చూసి టెన్షన్ పడే ముందు ఇలాంటివి డాక్టర్‌ని అడగాలి. పీడీ-1 మందుల్లోనైతే థైరాయిడ్ దెబ్బతినడం, పేగుల వాపు, ఊపిరితిత్తుల వాపు, అరుదుగా గుండె కండరం వాపు వస్తాయి. కీమో సైడ్ ఎఫెక్టుల్లా మందు ఆపగానే తగ్గిపోవాలని లేదు, కొన్ని మందు ఆపేసిన నెలల తర్వాత కూడా మొదలవుతాయి.

ఎలకలో కరిగిన గడ్డ

ఒక పేరు గుర్తుపెట్టుకోండి: ఐడీ8. అండాశయ క్యాన్సర్ ఇమ్యూన్ పరిశోధనలో చాలా పేపర్లు ఈ ఎలక కణాల మీదే నడిచాయి. మనుషుల్లో ఎక్కువగా వచ్చే రకం హై గ్రేడ్ సీరస్, అందులో దాదాపు ప్రతి కేసులోనూ టీపీ53 అనే, క్యాన్సర్‌ని అడ్డుకునే జీన్ చెడి ఉంటుంది. అసలు ఐడీ8 కణాల్లో మాత్రం ఆ జీన్ బాగానే ఉంది! ఆ లోటు తెలిసి, 2016లో క్రిస్పర్ అనే జీన్ కత్తిరించే పద్ధతితో ఆ జీన్ తీసేసిన కొత్త ఐడీ8 రకాలు తయారుచేశారు. కాబట్టి పేపర్లో పద్ధతుల భాగం తెరిచి ఏ ఐడీ8 వాడారో చూడండి, పాతదైతే ఆ ఫలితానికి సగం మార్కులే వేయండి, ఇది నా సొంత లెక్క.

ఇంకో చిక్కు, కొన్ని రిసెప్టర్లు ఎలకల్లో ఉండవు. మనిషి నేచురల్ కిల్లర్ కణాల మీద ఉండే కేఐఆర్ కుటుంబం ఎలకల్లో లేదు, ఆ పనిని ఎల్‌వై49 అనే వేరే కుటుంబం చూసుకుంటుంది. సిగ్లెక్-10కి ఎలకల్లో ఉన్నది సిగ్లెక్-జీ. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన పని కూడా అంతే అనుకోకూడదు.

మనుషుల్లో ఏం జరిగిందో చూడండి

ఇక్కడ చేదు నిజం చెప్పాలి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అంత బాగా పనిచేసిన పీడీ-1 దారి అండాశయ క్యాన్సర్‌లో ఏళ్ల తరబడి నిరాశపరిచింది. కీనోట్-100 అనే ట్రయల్‌లో 376 మందికి పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇస్తే సుమారు 8 శాతం మందిలో గడ్డ చెప్పుకోదగ్గంతగా తగ్గింది. జావెలిన్ ఒవేరియన్ 200లో 566 మంది, కీమోకి అవెలుమాబ్ కలిపినా అనుకున్న ఫలితం రాలేదు. ఇమాజిన్050 ఇంకా పెద్దది, 1301 మంది, మొదటి చికిత్సలోనే కీమో, బెవాసిజుమాబ్ (గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) రెండింటితో పాటు అటెజోలిజుమాబ్ ఇచ్చారు. జబ్బు మళ్లీ ముదరకుండా గడిచిన కాలం 19.5 నెలలు, అది లేనివాళ్లలో 18.4. ఆ తేడాని లెక్కల్లో తేడా అనరు.

ఎందుకిలా? ఈ క్యాన్సర్‌లో మ్యుటేషన్ల సంఖ్య తక్కువ, కాబట్టి టీ కణం పసిగట్టగలిగే కొత్త ప్రోటీన్ ముక్కలూ తక్కువే. లోపలికి వచ్చిన టీ కణాల్లో కూడా అణచివేసే రెగ్యులేటరీ రకం ఎక్కువ, గడ్డ సీసీఎల్22 అనే సంకేతం వదిలి సీసీఆర్4 ఉన్న ఆ కణాల్ని పిలిపించుకుంటుందని 2004లోనే నేచర్ మెడిసిన్‌లో చూపించారు. ఒక్క బ్రేక్ తీసి ఊరుకుంటే మిగతావి అలాగే పడి ఉంటాయి.

అయితే ఇటీవల గాలి కొంచెం మారింది. 2025 అక్టోబర్‌లో ఎస్మో (యూరప్ క్యాన్సర్ డాక్టర్ల సంఘం) సదస్సులో కీనోట్-బీ96 ట్రయల్ ఫలితాలు చెప్పారు. ప్లాటినమ్‌కి లొంగని జబ్బు ఉన్నవాళ్లకి, అంటే ప్లాటినమ్ కీమో అయిన ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టినవాళ్లకి, వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే కీమో మందుకి పెంబ్రోలిజుమాబ్ కలిపారు, కొందరికి బెవాసిజుమాబ్ కూడా. సీపీఎస్ 1 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లలో సగటు ఆయుష్షు, కచ్చితంగా చెప్పాలంటే మీడియన్ (సగం మంది అంతకంటే ఎక్కువకాలం బతికిన గడువు), 18.2 నెలలు, పెంబ్రో లేనివాళ్లలో 14.0. నాలుగు నెలలేనా అనొచ్చు, ఈ దశలో ఇన్ని ట్రయల్స్ ఫెయిలయ్యాక ఇది చిన్న విషయం కాదని నేననుకుంటాను.

రకాన్నిబట్టి కూడా ఫలితం మారుతుంది. అండాశయ క్యాన్సర్ ఒకే జబ్బు కాదు. ఎన్‌ఆర్‌జీ-జీవై003 అనే 100 మంది ట్రయల్‌లో నివోలుమాబ్ ఒక్కటే ఇస్తే 12.2 శాతం, దానికి సీటీఎల్‌ఏ-4ని అడ్డుకునే ఇపిలిముమాబ్ కలిపితే 31.4 శాతం మందిలో గడ్డ తగ్గింది, క్లియర్ సెల్ రకం వాళ్లలో స్పందించే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనిపించింది. కాబట్టి “అండాశయ క్యాన్సర్‌లో పనిచేసింది” అన్న వాక్యం చదివాక మీ వేలు ఆగాల్సింది ‘ఏ రకంలో’ అన్న దగ్గర.

చిన్న ట్రయల్స్ అంకెలకి ఒక కిటుకు. “30 శాతం మందిలో గడ్డ తగ్గింది” అంటే ఎంతమందిలో అని అడగండి. 20 మందిలో ఆరుగురైతే అసలు నిజం 12 నుంచి 54 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అదీకాక కొత్త మందుతో పాటు వారం వారం పాక్లిటాక్సెల్ కూడా ఇచ్చి ఉంటే, ఆరేలియా అనే పాత ట్రయల్‌లో ఆ పాక్లిటాక్సెల్ ఒక్కటే సుమారు 30 శాతం తెచ్చిందని గుర్తుంచుకోండి. పోల్చడానికి రెండో గ్రూపు లేకపోతే కొత్త మందు వాటా ఎంతో చెప్పలేం.

ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్లు చేయాల్సింది

వార్త ప్రింట్ తీసుకుని ఆంకాలజిస్ట్ దగ్గరికి వెళ్లి “ఈ మందు ఇస్తారా” అనడం కన్నా, పాథాలజీ రిపోర్టు తీసుకెళ్లి నాలుగు విషయాలు అడగండి. రకం ఏమిటి, ఎంఎస్ఐ లేదా మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్ష (డీఎన్‌ఏ తప్పులు దిద్దే వ్యవస్థ చెడిందేమో చూసేది) చేశారా, బీఆర్‌సీఏ జీన్ పరీక్ష చేశారా, పీడీ-ఎల్1 ఏ పద్ధతిలో చేశారు. వీటిలో రెండోది ముఖ్యం. మిస్‌మ్యాచ్ రిపేర్ లోపం అండాశయ క్యాన్సర్‌లో తక్కువమందికే ఉంటుంది, కానీ ఉంటే మాత్రం పీడీ-1 మందులకి స్పందించే అవకాశం చాలా మెరుగు. అవయవంతో సంబంధం లేకుండా ఆ లోపం ఉన్న గడ్డలకి పెంబ్రోలిజుమాబ్‌ని ఎఫ్‌డీఏ 2017లోనే అనుమతించింది, డోస్టార్లిమాబ్‌ని 2021లో.

ట్రయల్ వెతకాలంటే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో జబ్బు పేరు, రిసెప్టర్ పేరు కలిపి కొట్టండి. ముందు స్టేటస్ చూడండి, ‘రిక్రూటింగ్’ అని ఉంటేనే ముందుకెళ్లండి, ‘టెర్మినేటెడ్’ అని ఉంటే కారణం కింద ఒక లైన్‌లో రాసి ఉంటుంది, అదొక్కటే ఒక్కోసారి పది వార్తల కన్నా ఎక్కువ చెప్తుంది. తర్వాత ఎవరిని తీసుకోరు అన్న జాబితాకి నేరుగా వెళ్లండి. ఇమ్యూన్ మందుల ట్రయల్స్‌లో సాధారణంగా ఆటోఇమ్యూన్ జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లని, అవయవ మార్పిడి అయినవాళ్లని, రోజుకి 10 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ప్రెడ్నిసోన్ స్థాయిలో స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లని తీసుకోరు. పేషెంట్ వేరే దేనికోసమో స్టెరాయిడ్ వాడుతుంటే సొంతంగా ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ట్రయల్ డాక్టర్‌కి డోసుతో సహా చెప్పండి, తగ్గించడం కుదురుతుందో లేదో వాళ్లు, స్టెరాయిడ్ రాసిన డాక్టర్ కలిసి చూస్తారు.